ఫస్ట్ గేరులో నిలిపిన బండి

మా ఆయన ఇరవై ఆరేళ్లు డీజిల్ బండ్లు నడిపాడు. కుడిచేతికి స్టీరింగు, ఎడమచేతికి గేరు. కుడికాలికి బ్రేకు, ఎక్స్‌లేటర్. ఎడమకాలికి క్లచ్చి. ముందటేడు వానాకాలం మొదట్లో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ చెంబు జారవిడిచి కిందపడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే ఎడమపక్క మొత్తం పడిపోయింది. మాట పోలేదు, కుడిపక్కకు ఏమీ కాలేదు. పోయిందల్లా గేరు వేసే చెయ్యి, క్లచ్చి తొక్కే కాలు. చూసి చూసి డ్రైవరును కొట్టాల్సిన చోటే కొట్టాడని దేవుడి మీద నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు.

నేను బచ్చన్నపేట వైపు ఒక ఊళ్లో సర్కారు బడిలో సైన్సు టీచర్ని. ఇల్లు జనగామలో. ఆయన పని భూపాలపల్లిలో, బొగ్గుబావుల చుట్టూ తిరిగే కాంట్రాక్టర్ల దగ్గర. వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవాడు. చొక్కా జేబులోంచి కూడా బొగ్గుదుమ్ము రాలేది. పిల్లలు లేరు మాకు. ఇద్దరమే, ఇద్దరికీ రెండు ఊళ్లు, మధ్యలో ఆయన నడిపే ఏదో ఒక బండి. మా కాపురం అట్లాగే గడిచింది.

బొగ్గు రోడ్ల డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. ఆ దుమ్ముకు హ్యాండ్ బ్రేకు తీగలు తొందరగా పాడవుతాయని ఎవరూ దాన్ని నమ్మరు. బండి ఆపి, ఇంజను బంద్ చేసి, ఫస్ట్ గేరులో వేసి దిగుతారు. అప్పుడు ఇంజనే చక్రాలను కదలకుండా పట్టుకుంటుంది. పైగా వెనక టైరు కింద ఒక రాయి పెడతారు. మా ఆయన డిక్కీలో స్టెప్నీ లేని రోజులున్నాయి గానీ రాయి లేని రోజు లేదు. “హ్యాండ్ బ్రేకు పెద్దమనుషుల మాటసుంటిది టీచరమ్మా, అవుసరానికి నిలువది. గేరు గట్ల కాదు. పట్టిందంటే పట్టిందే” అనేవాడు. టీచరమ్మా అని వెక్కిరించడం పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పేదానికి క్లచ్చి అంటే ఏందో తెలియదని ఆయనకు పెద్ద వేడుక. నేర్చుకొమ్మని ఎన్నిసార్లన్నాడో. బస్సులుండగా నాకెందుకు అనేదాన్ని.

పక్షవాతం వచ్చిన ఆరునెలలకు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాడు. ఎడమచెయ్యి మాత్రం ముడుచుకుని ఛాతీ దగ్గరే ఉండిపోయింది. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి ఆటోలో ఎక్కించడం, దించడం. ఎక్కించేటప్పుడు ఆటోవాళ్లు చూసే చూపును ఆయన భరించలేకపోయేవాడు. ఒకనాడు మధ్యదారిలో నేనే అన్నాను, “మనమే ఒక బండి కొందాం” అని. ఆయన మొహంలో ఆరునెలలుగా లేని కళ కనిపించింది. నాకు చాలా సంతోషమేసింది. ఇప్పుడు తలుచుకుంటే, అన్నిటికీ మొదలు ఆ సంతోషమే.

ఇక తలా ఒక మాట. మా బడి పంతుళ్లు, ఇంటి పక్కవాళ్లు, అందరూ ఆటోమేటిక్ తీసుకొమ్మన్నారు. అందులో క్లచ్చి ఉండదు, గేరు వేసే పనీ ఉండదు. కుడికాలు, కుడిచెయ్యి ఉంటే చాలు. సర్కారు కాగితాలు ఏవో మార్పించుకోవాలి, అంతే. డీజిల్ బండే కావాలని ఆయన పట్టు. పెట్రోలు బండిని బండి కింద లెక్కేసే మనిషి కాదు. వెతగ్గా వెతగ్గా మానుకోటలో డీజిల్ ఆటోమేటిక్ ఒకటి ఉందని తెలిసింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. రైలెక్కి ఇద్దరం పోయాం.

బండి ఓనరు డెబ్బై దాటిన ముస్లిం పెద్దాయన, ఒకప్పుడు స్పేర్ పార్టుల దుకాణం నడిపినవాడు. మోకాళ్ల నొప్పులని ఆటోమేటిక్ కొనుక్కుని, ఇప్పుడు కళ్లు కనబడక అమ్ముతున్నాడు. మా ఆయనను చూడగానే ఏమీ అడగకుండా వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. మార్కెట్ వెనక ఖాళీ జాగాకు బండిని తెప్పించి, నన్ను పిలిచి చూపించాడు.

“చూడు చెల్లె, బ్రేకు తొక్కకుంటే ఇది స్టార్టే కాదు. గేరుల ఉన్నా స్టార్ట్ కాదు. తెల్వనోళ్లు తాళం తిప్పినా ఉన్న జాగ నుంచి కదలదు. బిల్కుల్ పరేషాన్ లేదు. నువ్వు గూడ వారంల నేర్చుకుంటవు.”

నాకు అక్కడే మనసు పడిపోయింది. నేనే నడుపుతూ బచ్చన్నపేట రోడ్డు మీద బడికి పోతున్నట్టు కూడా ఊహించుకున్నాను. మా ఆయన ఎక్కి కూర్చుని మూడు చుట్లు తిప్పాడు. ఆరునెలలు మూలన పడి ఉన్నాడంటే ఎవరూ నమ్మరు. మిర్చి బస్తాల మధ్య నుంచి ఒంటిచేత్తో మెత్తగా మళ్లించి తెచ్చి సరిగ్గా నా ముందు ఆపాడు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మా ఆయన మాత్రం దిగి, “బండి మంచిగున్నది చాచా, ఫోన్ చేస్తం” అని కర్ర అందుకున్నాడు.

రైలు కదిలాక అడిగాను, ఏమైందని.

“బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ తొడ అదురుతున్నది” అన్నాడు. “క్లచ్చి కోసం దేవులాడుతున్నది. ఆడ క్లచ్చి లేదు. గా బండి కొంటే నా కాలు దేవులాడుడు బంద్ జేస్తది. మరిచిపోతది.”

“కాలుకు మరుపేందయ్యా?”

“నీకు తెల్వది. ఆటోమేటిక్ కొన్ననంటే నా ఎడమపక్క సచ్చిపోయిందని నేనే సంతకం పెట్టినట్టు.”

స్టేషన్లు దాటిపోతున్నాయి. నేను వాదించలేదు. వాదించాల్సింది. చదువుకున్నదాన్ని, నరాలు ఎట్లా పనిచేస్తాయో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. కానీ ఆ మనిషి ఆరునెలల్లో మొదటిసారి తన కాలు గురించి అది బతికే ఉందన్నట్టు మాట్లాడుతున్నాడు. దాన్ని నేనెట్లా కాదనను?

పదిరోజులకు భూపాలపల్లి నుంచి ఆయన దోస్తు ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర చేసినవాళ్లు. తన దగ్గర పాత డీజిల్ బండి ఉంది, మాన్యువల్, మా ఆయన ఇదివరకు నడిపిన రకమే. బస్సులో హనుమకొండ పోయి, అక్కణ్నుంచి పరకాల, రేగొండ మీదుగా చేరుకున్నాం. బండి రేకుల షెడ్డులో ఉంది. నా కంటికి అది ఇనుప సామాన్ల కొట్టుకు పోవాల్సిందే.

“ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే వదినా” అన్నాడు దోస్తు నా మొహం చూసి. “ఇంజన్ ముట్టుకోనవసరం లేదు. జర క్లచ్చి గట్టిగుంటది, గంతే.”

ఆయనను పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాం. కుడిచేత్తో తన ఎడమచేతిని ఎత్తి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు గేరు రాడ్డు మీద పెట్టాడు. వేళ్లు మెల్లగా ముడుచుకుని గేరు గుండును పట్టుకున్నాయి. ఇంట్లో చెంచా పట్టుకోని వేళ్లు! “అన్న పట్టిండు! వదినా, అన్న పట్టిండు!” అని దోస్తు ఎగిరినంత పని చేశాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను ఏ బండైనా కొనేదాన్ని. కొన్నాను.

తర్వాతి వారం ఫిజియోథెరపీ చేసే ఆమెకు ఈ సంగతి సంబరంగా చెప్పాను. ఆమె మా ఆయనకు వినబడకుండా నన్ను పక్కకు పిలిచింది. “మేడం, వేళ్లు మూసుకునుడు బాగయినట్టు కాదు. అవి బిగుసుకపోయి మూసుకుంటయి. తెరుసుకుంటే బాగయినట్టు” అంది. గేరు మీద నుంచి చెయ్యి తీయడానికి ఆనాడు దోస్తు ఒక్కొక్క వేలు విడదీయాల్సి వచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అది చూస్తూ కూడా మేం ముగ్గురం నవ్వుకున్నాం. బండి అప్పటికే మా వాకిట్లో ఉంది. తిరిగి ఇచ్చేయొచ్చు. దోస్తు కాదనేవాడు కాదు. ఆయనకు నిజం చెప్పాలి, అంతే. నేను చెప్పలేదు. ఈ మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది.

మా వాకిలి వాననీళ్లు పోవడానికి గేటు వైపు కొంచెం వాలుగా ఉంటుంది. దోస్తు బండిని ఇంటికి మొహం పెట్టి ఆపాడు. ముందు నాలుగడుగుల ఖాళీ, ఆ తర్వాత నీళ్లు పట్టే సిమెంటు హౌజు. ఫస్ట్ గేరులో వేసి, వెనక టైరుకు గేటు వైపు రాయి పెట్టి, తాళం ఇచ్చి బస్సెక్కి పోయాడు.

అప్పటి నుంచి ఆయన దినచర్యే మారిపోయింది. పొద్దున చాయ్ తాగి పోయి బండిలో కూర్చునేవాడు. ఇంజను వేసేవాడు కాదు. ఎడమకాలిని క్లచ్చి మీద పెట్టుకుని తొక్కడమే పని. మొదట్లో కాలు బరువుకు కూడా అది కదల్లేదు. రోజూ నూరుసార్లు. చెమటలు కారేవి, బూతులు తిట్టేవాడు. క్లచ్చినో కాలునో తెలియదు. నెలకు వేలెడంత కదిలింది. రెండు నెలలకు సగం దాకా దిగింది. నేను బడి నుంచి రాగానే “సగం, టీచరమ్మా, సగం!” అని గేటు దగ్గరికే కేక వేసేవాడు. ఫిజియో ఆమె కూడా కాలు మెరుగైందనే అంది. అబద్ధం మీద నిలబెట్టిన ఆశ నిజమవుతుందేమోనని నాకు భయంభయంగా సంతోషంగా ఉండేది.

బ్యాటరీ దిగిపోకుండా మూడునాలుగు రోజులకొకసారి ఇంజను వేసి కాసేపు ఉంచేవాడు. కుడిచెయ్యి అటు చాచి గేరు తీసి న్యూట్రల్ చేసేవాడట. తాళం తిప్పేవాడు. అయ్యాక మళ్లీ ఫస్ట్ గేరులో వేసి దిగేవాడు. “చేసేవాడట” అని ఎందుకంటున్నానంటే అందులో నాకు కనబడింది తాళం ఒక్కటే. వంటింటి కిటికీలోంచి చూసేదానికి తాళం తిప్పే చెయ్యి కనబడుతుంది. అంతకుముందు గేరు మీద ఏం చేసిందో కనబడదు. డ్రైవర్లకు అది ఊపిరి తీసుకోవడం వంటిది. తాళం తిప్పబోయే ముందు న్యూట్రల్‌లో ఉందో లేదోనని గేరు రాడ్డును అటూ ఇటూ ఊపి చూస్తారు. ఊపిరి తీసుకొమ్మని ఎవరు ఎవరికి చెప్తారు?

ఆరోజు రెండో శనివారం, నాకు సెలవు. చలికాలం చివరి ఎండ వాకిట్లో పరుచుకుని ఉంది. నిలబడే కసరత్తు చేయమని ఫిజియో ఆమె చెప్పిందని, ఆయన బండి ముందుకు పోయి హౌజుకు వీపు పెట్టి, బానెట్టు మీద కుడిచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎడమకాలి మీద బరువు వేయడం, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కబెట్టడం. అలసిపోయినప్పుడు బరువంతా కుడికాలి మీదికి మార్చుకోవడం. నేను బట్టలారేస్తున్నాను. ఆయన చాలా హుషారుగా ఉన్నాడు. ఉగాది లోపల నిన్ను కూర్చోబెట్టుకుని భూపాలపల్లి తీసుకపోతా అన్నాడు.

“బ్యాటరీ దిగుతది. జర సెల్ఫ్ కొట్టు టీచరమ్మా” అన్నాడు.

సెల్ఫ్ కొట్టడమంటే తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయడం. ఆ మాత్రం నాకు తెలుసు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని పోయి డోరు తీశాను. ఎక్కి కూర్చోలేదు. ఒక్క తాళానికి ఎక్కడం దిగడం ఎందుకని, కింద నిలబడే లోపలికి వంగి తిప్పాను.

బండి ఎగిరి దూకింది. ఇంజను అందుకోలేదు, ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. కానీ ఆ ఒక్క దూకుకే నాలుగడుగుల ఖాళీ లేకుండా పోయింది. “క్లచ్చి! క్లచ్చి తొక్కు!” అని అరిచాడు. సీట్లో ఎవరూ లేరు. నేను నేల మీద ఉన్నాను. సీట్లో ఉన్నా ఏది తొక్కాలో తెలియదు.

ముందు బంపరుకూ హౌజు గోడకూ మధ్య ఆయన కుడి మోకాలు ఇరుక్కుంది. నా కేకలకు పక్కిళ్ల మగవాళ్లు నలుగురు గేటు నెట్టుకుని వచ్చి బానెట్టు మీద చేతులు వేసి వెనక్కు నెట్టారు. బండి కదల్లేదు. వాలు అటే ఉన్నా కదల్లేదు. ఫస్ట్ గేరు పట్టుకుంది. పట్టిందంటే పట్టిందే. వాళ్లు ఊగించి ఊగించి నెడుతుంటే ప్రతి ఊపుకూ బండి అంగుళం వెనక్కు పోయి మళ్లీ ముందుకొచ్చి ఆ మోకాలికే తగిలింది. ఆయనే, ఆ నొప్పిలోనే, వాళ్లకు పని చెప్పాడు.

“నూకకుండ్రి అన్నా! ముందుగాల గేరు తియ్యిండ్రి... న్యూట్రల్ చెయ్యిండ్రి.”

ఒకాయన గేరు లాగేశాడు. బండి వెనక్కు జరిగి, మునుపున్న చోటనే రాయికి తగిలి ఆగింది. కుప్పకూలిన ఆయన్ను నలుగురు పట్టి ఎత్తడానికి ఆ జాగా చాలలేదు. రాయి కూడా తీసేదాకా ఆగాల్సి వచ్చింది. గేరు, రాయి, ఆ మనిషి జీవితమంతా నమ్ముకున్నవన్నీ ఆరోజు సరిగ్గా పనిచేశాయి.

హనుమకొండలో రెండు ఆపరేషన్లు చేశారు. మోకాలి చిప్ప ముక్కలైంది. లోపల రాడ్డు వేశారు. కాలు నిలబడుతుంది గానీ ఇక వంగదని చెప్పారు. బ్రేకు తొక్కే కాలు. ఎక్స్‌లేటర్ తొక్కే కాలు. ఆటోమేటిక్‌కైనా, మాన్యువల్‌కైనా ఉండి తీరాల్సిన కాలు.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “గేరు ఊపి చూడాల్నని నీకు నేను చెప్పలే. తప్పు నాదే” అన్నాడు అంబులెన్సులోనే. మరోసారి మాత్రం, కుట్లు విప్పే ముందురోజు, పైకప్పు ఫ్యాను చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

“మానుకోట బండి అయితే స్టార్టే కాకపోవు.”

నేను వినబడనట్టు యాపిల్ పండు కోస్తూ కూర్చున్నాను. ఆనాడు రైల్లో వాదించి ఉంటే, వేళ్ల సంగతి దాచకుండా చెప్పి ఉంటే, పాతికేళ్లలో ఒక్కసారైనా క్లచ్చి అంటే ఏందని అడిగి ఉంటే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఆ ఆకులు పట్టుకునే ఉన్నాను.

ఇంటికొచ్చాక బండి అమ్మేద్దామన్నాను. వద్దన్నాడు. “నువ్వు నేర్సుకో” అన్నాడు. యాభై రెండేళ్ల వయసులో జనగామ డ్రైవింగ్ స్కూల్లో చేరాను. తర్వాత మా బండి ఎక్కాను. క్లచ్చి ఎంత గట్టిదో, ఆయన అన్ని నెలలు దేన్ని తొక్కాడో అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేనే నడుపుతాను. తాళం తిప్పే ముందు గేరు ఊపి చూస్తాను. ఒకసారి కాదు, పదిసార్లు చూస్తాను. అయినా తిప్పేటప్పుడు కళ్లు వాటంతటవే మూసుకుంటాయి.

పోయిన పత్తి తీతలప్పుడు భూపాలపల్లి దోస్తు తల్లి చనిపోతే పరామర్శకు పోయాం. ఆయన నా పక్క సీట్లో. వంగని కుడికాలు చాపుకోవడానికి సీటు పూర్తిగా వెనక్కు జరిపి ఉంది. రేగొండ దాటాక ముందు పత్తి ట్రాక్టరు అడ్డమొచ్చింది. బ్రేకు వేసి మూడో గేరులోంచి రెండుకు తేబోయాను. గరగరమని చప్పుడు, గేరు పడలేదు. కంగారులో కిందికి చూశాను. నా కాళ్ల వైపు చూడబోతే ఆయన కాలు కనబడింది.

ఎడమకాలు. కింది మ్యాటు మీద మడమ ఆనించి, పాదం మొత్తం నేలకు తొక్కిపెట్టి ఉంది. సగం కాదు. కుడికాలు పోయాక ఏడాదిగా ఒళ్లంతా మోసీ మోసీ, ఆ కాలు పూర్తిగా వచ్చేసింది. ఆయన కిటికీలోంచి చేల వైపు చూస్తున్నాడు.

“క్లచ్చి పూర్తిగ తొక్కు టీచరమ్మా” అన్నాడు చేల వైపే చూస్తూ. “సగం తొక్కితే గేరు పడది.”

నేను పూర్తిగా తొక్కాను. గేరు పడింది. నేను క్లచ్చి వదులుతుంటే పక్కన ఆయన కాలు కూడా కొద్దికొద్దిగా, బండికి కుదుపు తెలియకుండా, పైకి లేచింది.